కీబోర్డు మీద చెయ్యి: మన డెస్క్‌టాప్ చరిత్ర, పనికొచ్చే చిట్కాలు

పోస్టు పొడుగు. తీరిక చూసుకుని చదవండి, కావాలంటే రెండు విడతలుగా చదవండి.

మన గ్రూపులో ఈమధ్య లినక్స్ కంప్యూటర్ల గురించి అడిగేవాళ్ళు ఎక్కువైనారు. "ఇది విండోస్ మాదిరి లేదు, దీంట్లో పని తొందరగా అయ్యేది ఎట్ల?" అని అడుగుతున్నారు. చిట్కాలు ఒక లిస్టు రాసి పెట్టేయొచ్చు. కానీ లిస్టు రెండు రోజుల్లో మర్చిపోతాం. చిట్కా వెనక కథ తెలిస్తే మర్చిపోం. నేను చదివేది చరిత్ర కాబట్టి, చిట్కాలు కూడా చరిత్రలో కలిపే చెప్తా.

మాది అల్లూరు పక్క. యానాది కాలనీ. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా కాడ ఉండే కంప్యూటర్లు పాతవి, మనిషికి అరగంట వంతు. ఆ అరగంటలో స్కాలర్‌షిప్ ఫారం నింపాలి, ఫొటో సైజు తగ్గించాలి, నోట్సు టైపు చేయాలి. అరగంటలో కాకపోతే బజారుకు పోయి, నెట్ సెంటర్లో డబ్బులు కట్టి, మన కులం సర్టిఫికెట్, ఆధార్ ఇంకొకరి చేతిలో పెట్టి, ఆయన టైపు చేసేదాకా వెనక నిలబడాలి. పేరులో ఒక అక్షరం తప్పు పడినా మనకు కనపడదు. అందుకని మనలాంటోళ్ళకు కీబోర్డు చిట్కాలు ఫ్యాషన్ కాదు. మన పని మన చేత్తో పూర్తి చేసుకునే దారి.

డెస్క్‌టాప్ అంటే ఏంది?

కంప్యూటర్ ఆన్ చేయగానే కనపడే తెర, మెనూ, పట్టీ, కిటికీలు, ఫైళ్ళు పెట్టుకునే ఫోల్డర్లు, ఇవన్నీ కలిపి డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. లోపల యంత్రాన్ని నడిపేది వేరే ఉంటుంది, దాని పేరు కెర్నెల్. విండోస్‌లో ఈ రెండూ ఒకే కంపెనీ నుంచి ఒకే ముద్దగా వస్తాయి. లినక్స్‌లో అట్ల కాదు. లోపలిది ఒకటే, పైన తెర మాత్రం మనకు నచ్చింది పెట్టుకోవచ్చు. గ్నోమ్, కేడీఈ, ఎక్స్ఎఫ్‌సీఈ, మాటే, ఎల్ఎక్స్‌క్యూటీ, ఇట్ల చాలా ఉన్నాయి. అన్నీ ఓపెన్ సోర్సే.

ఓపెన్ సోర్స్ అంటే మనకు కొత్త సంగతి కాదు. మన పెద్దోళ్ళు చేపలకు ఊత అల్లేది చూసే ఉంటారు. ఆ అల్లిక దాచిపెట్టేది కాదు. పక్కన కూర్చుని చూసి నేర్చుకోవచ్చు. మన కాలవ లోతుకు తగ్గట్టు మార్చుకోవచ్చు. అల్లి ఇంకొకరికి ఇవ్వొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఈ పద్ధతి కోసం 1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పనిని ప్రకటించినాడు. 1989లో జీపీఎల్ అనే లైసెన్స్ వచ్చింది. దాని సారం ఇంతే: వాడుకో, లోపల చూడు, మార్చుకో, పంచు. మార్చింది పంచితే, ఆ మార్పును కూడా తెరిచే ఉంచు. 1991లో హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే స్టూడెంటు లినక్స్ కెర్నెల్ మొదలుపెట్టినాడు. అప్పటికి ఆయనకు 21 ఏళ్ళు, నాకంటే ఒక్క ఏడాది పెద్ద. మరుసటి ఏడాది దాన్ని జీపీఎల్ కిందికి తెచ్చినాడు.

అయితే అప్పటి లినక్స్ వాడేదానికి నల్ల తెర మీద కమాండ్లు కొట్టాలి. తెలిసినోళ్ళకే అది.

తెర ఎవరు కట్టినారు?

1996 అక్టోబరు 14న జర్మనీలో, ట్యూబింగెన్ యూనివర్సిటీ స్టూడెంటు మథియాస్ ఎట్రిక్ ఇంటర్నెట్‌లో ఒక ప్రకటన పెట్టినాడు. మామూలు మనుషులు వాడేదానికి వీలైన డెస్క్‌టాప్ కడదాం, ఎవరొస్తారని దాని అర్థం. అదే కేడీఈ. 1998 జూలైలో మొదటి వెర్షన్ వచ్చింది.

దాంట్లో ఒక చిక్కు ఉంది. కేడీఈ కట్టేదానికి వాడిన క్యూటీ అనే పరికరం అప్పట్లో పూర్తిగా స్వేచ్ఛ ఉన్న లైసెన్స్ కింద లేదు. ఇల్లు మనది, కింద స్థలం వేరేవాళ్ళది అన్నట్టు. కాలనీల్లో ఉండేవాళ్ళకు పట్టా లేని స్థలంలో ఇల్లు కట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకని 1997 ఆగస్టులో మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా ఇంకో డెస్క్‌టాప్ మొదలుపెట్టినారు. అది గ్నోమ్. ఆ పోటీ వల్ల మంచే జరిగింది. 2000లో క్యూటీ కూడా జీపీఎల్ కిందికి వచ్చింది. 1996లోనే ఫ్రాన్స్‌లో ఒలివియే ఫోర్దాన్ తేలికపాటి ఎక్స్ఎఫ్‌సీఈ మొదలుపెట్టినాడు.

గ్నోమ్‌కు పునాది అయిన జీటీకే ఎక్కడిదో తెలుసా? అది ముందు ఫొటోలు దిద్దే జింప్ కోసం తయారైంది. జింప్ అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీలో చదివే స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు స్టూడెంట్లు మొదలుపెట్టింది. ఒకరి పనికోసం చేసిన పరికరం ఇంకొకరి ఇంటికి పునాది అయింది. తెరిచి ఉంచితే ఇట్ల జరుగుతుంది.

చిట్కా: మెషీన్ పాతదైతే, మెమరీ 2 జీబీ ఉంటే, గ్నోమ్ పెట్టి తిప్పలు పడొద్దు. ఎక్స్ఎఫ్‌సీఈ గానీ ఎల్ఎక్స్‌క్యూటీ గానీ పెట్టండి. 4 జీబీ ఉంటే మాటే హాయిగా నడుస్తుంది. అరగంట వంతులో ఐదు నిమిషాలు కంప్యూటర్ లేచేదానికే పోతే మిగతా చిట్కాలు ఎన్ని తెలిసినా లాభం లేదు.

చిట్కా: అప్లికేషన్‌కి ఫొటో 50 కేబీ లోపల అడుగుతారు. జింప్‌లో తెరిచి, ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్‌తో కొలత తగ్గించండి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఈ కలిపి నొక్కి జేపెగ్‌గా ఎగుమతి చేయండి. అక్కడ క్వాలిటీ జరిపే పట్టీ ఉంటుంది. ప్రివ్యూకి టిక్ పెడితే ఫైలు ఎన్ని కేబీలో అక్కడే కనపడుతుంది. అంకె 50 కిందికి వచ్చేదాకా జరపండి.

కట్, కాపీ, పేస్ట్ ఎవరివి?

1970ల నడుమ కాలిఫోర్నియాలో జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ జిప్సీ అనే రాత ప్రోగ్రాం చేసినారు. ఇప్పుడు మనం చేసే కట్, కాపీ, పేస్ట్ పద్ధతి అక్కడ రూపు కట్టింది. టెస్లర్ తర్వాత ఆపిల్‌కి పోయినాడు. జడ్, ఎక్స్, సి, వి అనే నాలుగు అక్షరాలు పక్కపక్కన ఉండేది చూసుకోండి. అన్‌డూ, కట్, కాపీ, పేస్ట్ వరసగా ఎడమ చేతి కిందికే వచ్చేట్టు ఆపిల్ కంప్యూటర్లలో ఆ నాలుగూ పెట్టినారు. మిగతావాళ్ళంతా అదే పట్టుకున్నారు. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో పోయినాడు. రోజుకు కోట్ల మంది ఆయన పద్ధతి వాడతారు, పేరు తెలిసినోళ్ళు తక్కువ.

లినక్స్‌లో దీనికి తోడు ఇంకొకటి ఉంది. 1984లో అమెరికాలోని ఎంఐటీలో ఎక్స్ విండో సిస్టమ్ అని మొదలైంది. దాంట్లో మౌస్‌తో ఏ అక్షరాలు సెలెక్ట్ చేసినా అవి కాపీ కొట్టకుండానే గుర్తుంటాయి. ఇంకో చోట మౌస్ నడిమి చక్రం నొక్కితే అక్కడ పడతాయి. మామూలు కాపీ పేస్ట్ వేరు, ఇది వేరు. అంటే మనకు రెండు జేబులు ఉన్నట్టు.

చిట్కా: ఫారం నింపేటప్పుడు కులం సర్టిఫికెట్ నంబరు కంట్రోల్, సి తో కాపీ చేసుకోండి. ఆదాయం సర్టిఫికెట్ నంబరు ఊరికే మౌస్‌తో సెలెక్ట్ చేయండి. ఫారంలోకి పోయి ఒకటి కంట్రోల్, వి తో, ఇంకొకటి చక్రం నొక్కి వేయండి. కిటికీల మధ్య రెండు సార్లు తిరిగే పని ఒకసారికి తగ్గుతుంది. నంబరు చేత్తో కొట్టం కాబట్టి తప్పు కూడా పడదు.

ఒకే తెర, నాలుగు గదులు

మా ఇల్లు ఒకటే గది. పొద్దున అదే వంటిల్లు, మధ్యాహ్నం అదే వసారా, రాత్రికి అదే పడక. చదువుకునేదానికి ఒక మూల. మీలో చాలామందికి ఇది తెలిసిందే.

కంప్యూటర్ తెరకు కూడా అదే ఇబ్బంది. తెర చిన్నది, కిటికీలు ఎక్కువ. 1986లో ఆ జెరాక్స్ కేంద్రంలోనే ఆస్టిన్ హెండర్సన్, స్టూవర్ట్ కార్డ్ అనే ఇద్దరు ఒక ఉపాయం రాసినారు. మనిషి ఒక్కో పనికి కొన్ని కిటికీల గుంపు వాడతాడు, కాబట్టి ఒక్కో గుంపును ఒక్కో గదిలో పెట్టి, గదుల మధ్య నడిచేట్టు చేస్తే సరిపోతుందని. దానికి పెట్టిన పేరే రూమ్స్. ఈ ఆలోచన లినక్స్ డెస్క్‌టాప్‌లలో మొదటి నుంచి ఉంది. దీన్ని వర్క్‌స్పేస్ అంటారు. విండోస్ వాడేవాళ్ళకు ఇది నేరుగా వచ్చింది 2015లో, విండోస్ 10తో.

చిట్కా: మాటేలో కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని కుడి బాణం నొక్కితే పక్క గది, ఎడమ బాణం నొక్కితే వెనక గది. గ్నోమ్‌లో సూపర్ కీ పట్టుకుని పేజ్ అప్, పేజ్ డౌన్. షిఫ్ట్ కూడా కలిపితే ఇప్పుడు తెరిచి ఉన్న కిటికీ కూడా మనతో పక్క గదికి వస్తుంది. మొదటి గదిలో ఫారం, రెండో గదిలో స్కాన్ చేసిన సర్టిఫికెట్లు, మూడో గదిలో నోట్సు. వాట్సాప్ నాలుగో గదిలో పెట్టి అటు పోకుండా ఉంటే ఆ రోజు చదువు సాగినట్టే.

సూపర్ కీ కథ, మాటే కథ

కీబోర్డు మీద విండోస్ బొమ్మ ఉండే బటన్‌ను లినక్స్‌లో సూపర్ కీ అంటారు. ఆ బొమ్మ 1994లో మైక్రోసాఫ్ట్ కీబోర్డుతో వచ్చింది. సూపర్ అనే పేరు మాత్రం అంతకంటే పాతది. 1970ల చివర ఎంఐటీలో స్పేస్ కేడెట్ అనే పెద్ద కీబోర్డు ఉండేది. కంట్రోల్, మెటా, సూపర్, హైపర్ అని దాని మీద బోలెడు కీలు. ఆ కీబోర్డు పోయింది, పేరు మిగిలింది.

2011 ఏప్రిల్ 6న గ్నోమ్ 3 వచ్చింది. పాత మెనూలు, కింద పట్టీ తీసేసినారు. సూపర్ కీ నొక్కితే తెరిచిన కిటికీలన్నీ పరిచినట్టు కనపడతాయి. వెతికేదానికి ఊరికే టైపు చేస్తే చాలు. కొందరికి నచ్చింది. పాత గ్నోమ్ 2కి చెయ్యి అలవాటైన చాలామందికి నచ్చలేదు. పాత మెషీన్ల మీద కొత్తది బరువుగా నడిచింది కూడా.

కంపెనీ సాఫ్ట్‌వేర్ అయితే ఇక్కడితో కథ అయిపోతుంది. పాతది ఆపేస్తారు, కొత్తది కొనుక్కోమంటారు. ఇక్కడ అట్ల కాలేదు. అర్జెంటీనాలో ఒక మామూలు వాడకందారు గ్నోమ్ 2 కోడ్ తీసుకుని, పేరు మార్చి, నడిపిస్తానని ముందుకొచ్చినాడు. లైసెన్స్ ఒప్పుకుంటుంది కాబట్టి ఎవరూ అడ్డం చెప్పలేదు, చెప్పలేరు కూడా. తర్వాత చాలామంది కలిసినారు. అదే మాటే. చదివేదానికి తెలుగులో మన "మాటే" లాగే ఉంటుంది.

ఈ పేరు ఎక్కడిదో తెలుసుకున్నప్పుడు నాకు భలే అనిపించింది. మాటే అనేది దక్షిణ అమెరికాలో ఆకుతో కాచుకునే ఒక పానీయం. అర్జెంటీనాలో మన టీ మాదిరి ఇంటింటా తాగుతారు. ఆ ఆకును ముందు నుంచి వాడింది అక్కడి గ్వారానీ ఆదివాసులు. మాటే అనే మాట ఇంకో ఆదివాసీ భాష కెచువా నుంచి వచ్చింది, అర్థం సొరకాయ బుర్ర, అంటే తాగే పాత్ర. మనం వాడే ఉబుంటు కూడా దక్షిణ ఆఫ్రికా జులు, కోసా భాషల మాట. మనిషితనం అని అర్థం. 2004 అక్టోబరులో ఆ పేరుతో మొదటి వెర్షన్ వచ్చింది. ఆదివాసుల మాటలు ఇట్ల ప్రపంచంలో కంప్యూటర్లన్నిటి మీదికి ఎక్కినాయి.

ఈ కథ మనకెందుకంటే, 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే సపోర్టు ఆగింది. చాలా పాత మెషీన్లకు విండోస్ 11 ఎక్కదు. ఆఫీసులు, కాలేజీలు అట్లాంటి మెషీన్లు పక్కన పడేస్తాయి. వాటిల్లో బాగా నడిచేవి ఎన్నో ఉంటాయి. మాటే గానీ ఎక్స్ఎఫ్‌సీఈ గానీ ఎక్కిస్తే ఇంకా చాలా ఏళ్ళు పని చేస్తాయి. బెంగుళూరులో ఒక మురికివాడలో అంబేద్కర్ పేరుతో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాలంటీర్లు కంప్యూటర్ సెంటర్ పెట్టినారు. అక్కడి పిల్లలు జింప్‌లో బొమ్మలు గీసి అందరికీ చూపించినారు. కేరళలో ప్రభుత్వ బడుల్లో ఐటీ పాఠం లినక్స్ మీదే చెప్తారు. కాబట్టి ఇది జరిగే పనే.

చిట్కా: మాటేలో ఆల్ట్, ఎఫ్1 మెనూ తెరుస్తుంది. ఆల్ట్, ఎఫ్2 నొక్కి ప్రోగ్రాం పేరు కొడితే నేరుగా తెరుచుకుంటుంది. గ్నోమ్‌లో సూపర్ నొక్కి మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. గ్నోమ్‌లో సూపర్, ఎడమ బాణం నొక్కితే కిటికీ సగం తెరకు సర్దుకుంటుంది. ఇంకో కిటికీకి సూపర్, కుడి బాణం. సర్టిఫికెట్ ఒక పక్క, ఫారం ఒక పక్క పెట్టుకుని చూసి నింపొచ్చు. మీ వంతు అయిపోయి లేచేటప్పుడు మీ అకౌంట్ నుంచి లాగౌట్ చేయడం మర్చిపోవద్దు.

తెలుగు ఎట్ల వచ్చింది?

కంప్యూటర్‌కి తెలుగు అదంతట అది రాలేదు. ఒక్కో మెట్టు ఒకరు కట్టినారు.

1980ల చివర భారత ప్రభుత్వం మన భాషలన్నిటికీ ఒకే మాదిరి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు తయారు చేయించింది. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. అయినా తెర మీద గుణింతాలు, ఒత్తులు సరిగ్గా కూర్చోవాలి కదా. గ్నోమ్ వాళ్ళు దానికోసం ప్యాంగో అనే భాగం కట్టినారు. "ప్యాన్" అంటే గ్రీకులో అన్నీ, "గో" అంటే జపనీసులో భాష. 2002లో వచ్చిన గ్నోమ్ 2 దీని మీదే నడిచింది. ఇక ఫాంట్లు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన పేర్లతో ఫాంట్లు చేసి జీపీఎల్ కింద అందరికీ ఇచ్చినారు. రెడ్ హ్యాట్ కంపెనీ లోహిత్ ఫాంట్లను వదిలింది.

మెనూల్లో మాటలు తెలుగు చేసింది వాలంటీర్లు. 2005లో మొదలైన స్వేచ్ఛ అనే సంస్థ హైదరాబాద్ కేంద్రంగా కాలేజీ పిల్లల్ని కలుపుకుని తెలుగు మెనూలతో లినక్స్‌ను తయారు చేసింది. 2007లో సీ-డాక్ సంస్థ బాస్ లినక్స్ విడుదల చేసింది, దాంట్లో కూడా మన భాషలు ఉన్నాయి. తెలుగు డెస్క్‌టాప్‌లో ఫైల్‌ని దస్త్రం అంటారు. ఆ మాట చూస్తే నాకు నవ్వొస్తుంది. మా తాత తరంలో దస్త్రం అంటే కరణం చంకలో ఉండే గుడ్డ మూట. మన భూమి సంగతి దాంట్లో ఉండేది, మనం మాత్రం ముట్టుకునేదానికి లేదు. ఇప్పుడు దస్త్రం తెరిచేది మనం, పేరు పెట్టేది మనం.

చిట్కా: సెట్టింగ్స్‌లో కీబోర్డు దగ్గర తెలుగు చేర్చుకోండి. గ్నోమ్‌లో సూపర్, స్పేస్ నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకు, మళ్ళీ వెనక్కి మారుతుంది. ఇన్‌స్క్రిప్ట్ చూసి భయపడొద్దు. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతాలు. కుడి చేతి వైపు హల్లులు. ఒత్తు పెట్టేదానికి డి కీ. అల్లూరు అని కొట్టాలంటే: షిఫ్ట్‌తో డి (అ), ఎన్ (ల), డి (పొల్లు), ఎన్ (ల), టి (ఊత్వం), జే (ర), జి (కొమ్ము). ఏడు కీలు, అంతే. రోజుకు పది నిమిషాలు మీ ఊరి పేరు, ఇంట్లోవాళ్ళ పేర్లు కొట్టండి. నెలలో చెయ్యి తిరుగుతుంది.

చిట్కా: ఏదైనా అక్షరం కీబోర్డులో దొరక్కపోతే, కంట్రోల్, షిఫ్ట్, యు నొక్కి దాని యూనికోడ్ నంబరు కొట్టి ఎంటర్ నొక్కండి. ఉదాహరణకు సున్నా, సి, సున్నా, ఐదు కొడితే "అ" పడుతుంది. చాలా ప్రోగ్రాముల్లో పని చేస్తుంది.

చిట్కా: లిబ్రేఆఫీస్ రైటర్‌లో మీ పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, పిన్ కోడ్ మొత్తం ఒకసారి రాసి, సెలెక్ట్ చేసి, కంట్రోల్, ఎఫ్3 నొక్కి ఆటోటెక్స్ట్‌గా చేర్చుకోండి. చిన్న గుర్తు పెట్టుకోండి, రెండక్షరాలు చాలు. ఇంకెప్పుడైనా ఆ రెండక్షరాలు కొట్టి ఎఫ్3 నొక్కితే అడ్రసంతా వచ్చి పడుతుంది. అర్జీలు రాసేవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది.

మన భాషలకు కూడా చోటు ఉంది

గిడుగు రామమూర్తి గారిని మనకు బడిలో వాడుక భాష కోసం పోరాడినాయనగా చెప్తారు. పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసినాడని తక్కువ చెప్తారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఇప్పుడు గిడుగు పేరుతో ఒక ఉచిత తెలుగు ఫాంటు ఉంది. ఎవరైనా దించుకోవచ్చు.

1936లో మంగేయి గొమాంగో సవరకు సొరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారు చేసినాడు. అది 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. సంతాలీ వాళ్ళ ఓల్ చికి లిపి 1925లో రఘునాథ్ ముర్ము తయారు చేసింది, 2008లో యూనికోడ్‌లో చేరింది. 2018లో సంతాలీ వికీపీడియా మొదలైంది. మన పక్క రాష్ట్రం ఆదిలాబాద్ జిల్లాలో గుంజాల అనే గోండు ఊరు ఉంది. అక్కడ దొరికిన పాత రాతపుస్తకాల లిపి 2018లో గుంజాల గోండి పేరుతో యూనికోడ్ ఎక్కింది. అంటే ఆ లిపిలో ఒక ఫైలుకు పేరు పెట్టుకోవచ్చు, మెనూ కూడా రాసుకోవచ్చు. కంపెనీ ఎవరూ చేయకపోయినా, ఓపెన్ సోర్స్ డెస్క్‌టాప్‌కి అనువాదం చేసే హక్కు ఆ భాష వాళ్ళకు ఉంది. అనుమతి అడగాల్సిన పని లేదు.

యానాదులకు వేరే లిపి లేదు, మనం మాట్లాడేది తెలుగే, మన యాసలో. కానీ చేపల పేర్లు, ఆకుల పేర్లు, వలల పేర్లు మన కాడ ఉండేవి డిక్షనరీల్లో అన్నీ లేవు. రైటర్‌లో ఎర్ర గీత పడిన మాట మీద కుడి బటన్ నొక్కి డిక్షనరీలో చేర్చండి. మీ అమ్మమ్మ చెప్పే మాటల లిస్టు ఒక ఫైలుగా రాసి దాచండి. అది కూడా చరిత్రే.

మనల్ని గురించి రాసిందంతా ఇన్నాళ్ళు వేరేవాళ్ళు. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ పుస్తకాల్లో యానాదుల గురించి ఉంది. మనం ఎట్ల ఉంటాం, ఏం తింటాం అని ఇంగ్లీషులో రాసినారు. రాసిన మాట మనవాళ్ళు చదివి తప్పొప్పులు చెప్పేదానికి లేదు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రోజుల్లో రిజిస్టర్లలో మనవాళ్ళ పేర్లు ఎక్కినాయి, వేలిముద్రలు తీసుకున్నారు. ఆ మచ్చ తీసేయాలని మన నెల్లూరు జిల్లాలోనే వెన్నెలకంటి రాఘవయ్య గారు ఎన్నో ఏళ్ళు పని చేసినారు. 1952 ఆగస్టు 31న దేశమంతా ఆ చట్టం పోయింది. చట్టం పోయినా, కాగితం దగ్గర వేలు చాపి నిలబడే అలవాటు మన ఇళ్ళల్లో చాలా కాలం ఉండిపోయింది. మా ఇంట్లో మా నాయన దాకా వేలిముద్రే.

అందుకే ఈ చిట్కాలు నాకు చిన్నవిగా కనపడవు. ఏడు కీలు నొక్కి మన ఊరి పేరు మన చేత్తో తప్పు లేకుండా రాసుకోగలగడం మన ఇళ్ళల్లో కొత్త సంగతి.

ఇప్పుడు చేయాల్సినవి

ఒకటి. పైన చిట్కాల్లో మూడు ఎంచుకుని నోట్సులో రాసుకోండి. వారం రోజులు ఆ మూడే వాడండి. చెయ్యి మీదికి వచ్చినాక ఇంకో మూడు. పది ఒక్కసారి నేర్చుకుందామంటే ఒకటీ నిలవదు.

రెండు. మీ హాస్టల్లో జూనియర్లు ఉంటారు కదా, వాళ్ళలో ఒకరికి పక్కన కూర్చోబెట్టి చూపించండి. మౌస్ మీరు పట్టుకోవద్దు, వాళ్ళ చేతికే ఇవ్వండి.

మూడు. గ్నోమ్, కేడీఈ, మాటేల్లో తెలుగు చేయని మాటలు ఇంకా ఉన్నాయి. మెనూ తెలుగులో పెట్టుకుంటే మధ్యలో ఇంగ్లీషు మాటలు కనపడేది అందుకే. అనువాదం చేసేవాళ్ళు తక్కువ. డిగ్రీ తెలుగు, కొంచెం ఇంగ్లీషు వచ్చినోళ్ళు ఎవరైనా చేయొచ్చు, జీతం ఉండదు. కానీ మీరు పెట్టిన మాట అల్లూరులోనే కాదు, అమెరికాలో తెలుగు వాడేవాళ్ళ తెర మీద కూడా అదే కనపడుతుంది. మన యాసలో మాట ఒకటి అక్కడిదాకా పోతే బాగుంటుంది కదా.

అనువాదానికి కూర్చునేదానికి ఎవరికైనా ఇష్టముంటే గ్రూపులో పేరు చెప్పండి. ఐదుగురు అయితే ఆదివారం మధ్యాహ్నాలు మొదలుపెడదాం. ముందు మాటేతోనే.